వంటగ్యాసు – వాసన వచ్చిన తొలి నిమిషము
(తల్లిదండ్రుల కొక పాఠము)

వార్షిక సంచికలో పిల్లల వ్రాతలకు, పిల్లల పాఠములకు చోటిచ్చుట మన పాఠశాల వాడుక. ఈ యేడు తల్లిదండ్రులకే యొక పాఠము వ్రాయ నిశ్చయించితిమి. దీనికి మార్కులు లేవు. కాని ఇందు తప్పినవారికి రెండవసారి పరీక్షకు కూర్చుండు నవకాశము దొరకుట అరుదు. మన యిండ్లలోని వంటగ్యాసు కారినపుడు ఏమి చేయవలెను, ఏమి చేయరాదు అనునదే ఈ పాఠము.

ఈ విషయమునే యెన్నుకొనుటకు రెండు కారణములు కలవు. మొదటిది మన యిండ్ల తీరు. సోలాపూరు తూర్పు పేటలలోని మన తెలుగు కుటుంబములలో పెక్కింటికి ఒకటి రెండు గదులే యిల్లు. వంట, నిద్ర, దేవుని గూడు, పిల్లల చదువు అన్నియు నచ్చటనే. తండ్రి పవర్లూముపైకి, తల్లి బీడీల కార్ఖానాకు ఆకు తెచ్చుటకు పోయిన వేళ, బడి విడిచి వచ్చిన పిల్లవాడే తలుపు తీయును. గ్యాసు వాసన మొదట తగులునది వాని ముక్కునకే. రెండవ కారణము భాష. సిలిండరు వెంట వచ్చు సూచనలు మరాఠీలోనో, హిందీలోనో, ఇంగ్లీషులోనో యుండును. ఇంటిలో ఎక్కువ కాలము పొయ్యి యొద్ద గడుపు అవ్వకు ఆ లిపులు రావు. చదువవలసినవారికి చదువు రాక, చదువ వచ్చినవారు చదువక, ఆ కాగితము అటుకపై దుమ్ము పట్టుచున్నది. అందుచేత ఆ సంగతులను మన భాషలో, ఒకరు చదువగా పదిమంది వినుటకు వీలుగ, ఇచ్చట వ్రాయుచున్నాము.

1. గ్యాసు స్వభావము

శత్రువు స్వభావము తెలిసినచో సగము భయము తీరును. మనము వాడు గ్యాసు ప్రధానముగ ప్రొపేను, బ్యూటేను అను రెండు వాయువుల మిశ్రమము. ఒత్తిడిచే దీనిని ద్రవముగ మార్చి ఉక్కు సిలిండరులో నింపుదురు. మన యిండ్లకు వచ్చు పెద్ద సిలిండరులో 14.2 కిలోల గ్యాసుండును. దీని గుణములు మూడింటిని జ్ఞాపక ముంచుకొన్న చాలును.

మొదటి గుణము: దీనికి స్వతః రంగు లేదు, వాసనయు లేదు. మనకు తగులు ఆ కుళ్ళు వాసన, ఇథైల్ మెర్కాప్టాను అను పదార్థమును కావలెననియే కొలదిగ కలుపుటచే వచ్చినది. గాలిలో గ్యాసు అంటుకొనదగినంత చేరుటకు చాల ముందే ముక్కు పసిగట్టవలెననుట దాని యుద్దేశము. కనుక ఆ వాసన మన యింటి కావలివాడు. కొందరు ఇల్లాండ్రు వాసన పోవలెనని ఊదువత్తి వెలిగింతురు. కావలివాడు కేక వేయుచుండగా వాని నోరు మూయుటకై దొంగను పిలిచినట్లుండును. ఇంకొక మాట. చాలసేపు ఆ వాసనలో నున్నవారికి ముక్కు మొద్దుబారి వాసన తెలియదు. జలుబు చేసినవారికి, వృద్ధులకు కూడ అంతే. ఇంటిలోనివారు "ఏమియు లేదు" అన్నను, వెలుపలినుండి వచ్చినవారు "వాసన వచ్చుచున్నది" అన్నచో వచ్చినవారి మాటయే వినవలెను.

రెండవ గుణము: ఇది గాలికంటె ఒకటిన్నర నుండి రెండు రెట్లు బరువైనది. పొగవలె పైకి పోదు. నీటివలె నేలబారుగ పారి, మంచముల క్రిందికిని, గూళ్ళ మూలలకును, మోరీలోనికిని చేరి నిలిచియుండును. గోడకు పైన చిన్న కిటికీ యున్నది గదా యని నిశ్చింతగ నుండరాదు. గడప దాటి పోవుటకు దానికి తలుపు కావలెను. చాపపై పండుకొన్న పసిబిడ్డ చుట్టును అది ముందు చేరునను సంగతియు తల్లులు గుర్తింపవలెను.

మూడవ గుణము: ద్రవము వాయువైనపుడు సుమారు 250 రెట్లు వ్యాపించును. ఇందొక చిన్న లెక్క కలదు. ఈ వాయువు గాలిలో నూటికి సుమారు 2 మొదలు 9 పాళ్ళ వరకు కలిసినపుడు అంటుకొనును. ఒక లీటరు ద్రవము 250 లీటర్ల వాయువగును. అది నూటికి 2 పాళ్ళుగ కలిసినచో 12,500 లీటర్ల గాలి, అనగా 12.5 ఘనపు మీటర్ల గాలి, మండుటకు సిద్ధమగును. రెండున్నర మీటర్ల పొడవు, రెండు మీటర్ల వెడల్పు, రెండున్నర మీటర్ల ఎత్తు గల గదిలో పట్టు గాలి సరిగా అంతే. లీటరు గ్యాసు బరువు అరకిలోకు కొంచె మెక్కువ. నిండు సిలిండరులో అట్టివి 25 లీటర్లకు పైగా నుండును. ఏడవ తరగతి పిల్లలు ఈ లెక్కను తమ యింటి వంటగది కొలతలతో వేసి తల్లిదండ్రులకు చూపవలెనని కోరుచున్నాము.

2. వాసనకును నిప్పుకును నడిమి కాలము

ఇంత భయము చెప్పినపిదప ధైర్యము కూడ చెప్పవలెను. గ్యాసు తనంత తాను అంటుకొనదు. దానికి నిప్పు కావలెను. కారుట మొదలైన క్షణమునకును నిప్పు తగిలిన క్షణమునకును నడుమ కొంత కాలముండును. ఆ కాలము మనది. ఇండ్లలో జరుగు ప్రమాదములలో ఆ నిప్పును తెచ్చి యిచ్చునది తరచుగ మన చేయియే.

2014 జూన్ 27వ తేదీ తెల్లవారుజామున, అప్పటి తూర్పు గోదావరి జిల్లాలోని నగరము గ్రామమున, భూమిలోని పెద్ద గొట్టమునుండి సహజవాయువు కారి, పరిసరములలో వ్యాపించి, పిదప నిప్పంటుకొని, నిద్రలోనున్న అనేకులను బలిగొన్నది. అది పరిశ్రమకు పోవు గొట్టము, మనది వంటింటి గొట్టము. కొలత వేరైనను క్రమమొక్కటే. ముందు కారుట, తరువాత వ్యాపించుట, కట్టకడపట నిప్పు. అక్కడ నిద్రించుచున్నవారి చేతిలో ఏమియు లేదు. మన యింటిలో మాత్రము ఈ క్రమమును మధ్యలో త్రెంచుట మనకు సాధ్యము.

నిప్పనగా అగ్గిపుల్ల యొక్కటే కాదు. విద్యుత్ స్విచ్చి వేసినపుడు లోపలి లోహపు ముక్కలు కలియుచోట చిన్న రవ్వ పుట్టును. స్విచ్చి తీసినపుడును అట్లే పుట్టును. ఈ రెండవది చాలమందికి తెలియదు. "లైటు ఆర్పిన మంచిదే గదా" యని తీయబోవుదురు. వేసియున్న స్విచ్చి వేసియే యుండవలెను, తీసియున్నది తీసియే యుండవలెను. ఫ్యాను, మిక్సీ, గంట మీట, ఫోను చార్జరు, పవర్లూము మోటారు అన్నిటికిని ఇదే నియమము. చేతిలోని ఫోనును కూడ ఆ గదిలో వాడరాదు. రాత్రివేళ వాసన వచ్చినచో లైటు వేయవలెనని చేయి తనంత తానే గోడపైకి పోవును. ఆ చేతిని ఆపుటయే ఈ పాఠమంతటిలోను ముఖ్యము. చీకటిలో తడవుకొనుచు తలుపు చేరుట మేలు.

3. పెద్దలు చేయవలసిన పనులు

వాసన తగిలినంతనే వరుసగ ఈ పనులు చేయవలెను.

ఒకటి: స్టవ్వు మీటలు కట్టివేయవలెను. దీపము, ఊదువత్తి, బీడీ, కుంపటి ఏవి వెలుగుచున్నను ఆర్పివేయవలెను.

రెండు: సిలిండరుపైని రెగ్యులేటరు మీటను త్రిప్పి గ్యాసు కట్టవలెను. అప్పటికిని కారుచున్నచో రెగ్యులేటరును ఊడదీసి, సిలిండరు మూతికి దాని రక్షణ మూతను గట్టిగ బిగింపవలెను. ఆ మూత సిలిండరుకే దారముతో కట్టియుండును. దానిని త్రెంచి పిల్లల ఆటకిచ్చు యిండ్లను మేము చూచితిమి. ఆ మూతకు పని పడునది ఏండ్ల కొకసారియే కాని, ఆనాడు దానికి బదులు వేరొకటి లేదు.

మూడు: తలుపులు, కిటికీలు పూర్తిగ తెరువవలెను. గాలి యాడుటకు ఫ్యాను వేయరాదు.

నాలుగు: పసివారిని, వృద్ధులను ముందుగా, తరువాత అందరును వెలుపలికి పోవలెను. నగలకు, కాగితములకు వెనుకకు రాకూడదు. మన పేటలలో గోడకు గోడ కలిసియుండును గనుక, ఇరుగుపొరుగువారికి కేకవేసి పొయ్యిలు ఆర్పుడని చెప్పవలెను.

ఐదు: ఇంటి మెయిను స్విచ్చి వెలుపల, గ్యాసు సోకని చోట నున్నచో అచ్చటినుండి విద్యుత్తు తీయవచ్చును. లోపలనే యున్నచో దానిని ముట్టరాదు.

ఆరు: వీధిలోనికి దూరముగ వచ్చిన పిదపనే ఫోను చేయవలెను. పనివాడు వచ్చి పరీక్షించి సరియని చెప్పువరకు ఇంటిలో పొయ్యి వెలిగింపరాదు.

తలుపు తీయగనే వాసన ముఖమున కొట్టినట్లు ఘాటుగ నున్నచో, లేక సిలిండరు బుసకొట్టుచున్నచో, మొదటి రెండు పనులకై లోపలికి పోరాదు. మనుష్యులను వెలుపలికి తెచ్చి ఫోను చేయుటయే చాలును.

4. పిల్లలకు చెప్పవలసినది

పై యారు పనులను ఎనిమిదేండ్ల పిల్లకు అప్పగింపరాదు. పిల్లలకు మూడు మాటలే నేర్పుడు: "స్విచ్చి ముట్టకు. తలుపు తెరచి ఉంచు. చెల్లిని, తమ్ముని తీసికొని బయటికి పోయి పెద్దలను పిలువు." సిలిండరు యొద్దకు పోవుట పిల్లల పని కాదు. ఇది వారికి స్పష్టముగ చెప్పవలెను. ఏలయన మంచి పిల్లలే ఇల్లు కాపాడవలెనని లోపలికి పరుగెత్తుదురు.

మరియొకటి. పిల్లవాడు వాసన వచ్చుచున్నదని చెప్పి, అది నిజము కాకపోయినచో వానిని గద్దింపకుడు. కుళ్ళిన ఉల్లిగడ్డ వాసనను చూచి గ్యాసని పరుగెత్తివచ్చిన బిడ్డను నలుగురిలో నవ్వులపాలు చేసినచో, రేపు నిజముగ వాసన వచ్చినపుడు ఆ బిడ్డ నోరు విప్పదు. "చెప్పితివి, మంచిపని చేసితివి" అని వీపు తట్టుడు.

5. మంట అంటుకొన్నచో

రబ్బరు గొట్టము కడ చిన్న మంట లేచినపుడు, రెగ్యులేటరు చేతి కందునట్లున్నచో దానిని కట్టుటయే మందు. గ్యాసు నిలిచినచో మంట నిలుచును. చేతికి తడిగుడ్డ చుట్టుకొనవలెను. మన మగ్గములపై నేసిన మందపు నూలు దుప్పటిని నీట బాగుగ ముంచి మంటపై కప్పవచ్చును. సిల్కు, నైలాను బట్టలు పనికిరావు. అయితే కారుచున్న గ్యాసును వెంటనే కట్టుటకు వీలున్నపుడే మంట నార్పవలెను. మంట ఆరి గ్యాసు మాత్రము కారుచున్నచో అది గదినిండ చేరి మరల అంటుకొనును. అది మొదటి మంటకంటె ఘోరము. మంట పెద్దదైనచో, లేక మనకును తలుపునకును నడుమ మంట వచ్చునట్లున్నచో, అన్నియు విడిచి వెలుపలికి పోవలెను.

కట్టుబట్టలు అంటుకొన్నవారు పరుగెత్తరాదు. నేలపై పడి దొరలవలెను. కాలిన చోటును ధారగ పోయు చల్లని నీటిక్రింద 20 నిమిషములుంచవలెను. సిరా, పసుపు, పళ్ళపొడి, నూనె, మంచుగడ్డ ఏదియు పెట్టరాదు. పిదప శుభ్రమైన గుడ్డ వదులుగ కప్పి ఆసుపత్రికి కొనిపోవలెను.

6. ఏ భాషలో పిలువవలెను?

గ్యాసు కారుటను గూర్చి చెప్పుటకు దేశమంతటికి 1906 అను సంఖ్య కలదు. పగలు రాత్రి యెప్పుడైనను పిలువవచ్చును. అగ్నిమాపకదళమునకు 101, సమస్త ఆపదలకు 112. వీనితోపాటు మీకు సిలిండరు తెచ్చియిచ్చు దుకాణపు సంఖ్యను, మీ వినియోగదారు సంఖ్యను గోడపై పెద్ద అక్షరములలో వ్రాసియుంచుడు.

ఫోను నెత్తినవారు మరాఠీలోనో హిందీలోనో అడుగుదురు. ఆ గడియలో మన నోట మాట రాదు, వచ్చినను తెలుగే వచ్చును. అందుచేత ఇంటిలో ప్రతివారును ఈ వాక్యమును కంఠస్థము చేయవలెనని మా కోరిక: "ఆమచ్యా ఘరాత్ గ్యాస్‌చీ గళతీ హోత్ ఆహే. పత్తా లిహూన్ ఘ్యా." మా యింటిలో గ్యాసు కారుచున్నది, చిరునామా వ్రాసికొనుడు అని దీని యర్థము. పిదప పేట పేరు, వీధి, ఇంటి సంఖ్య, దగ్గరనున్న గుడి లేక మిల్లు గురుతు చెప్పవలెను. చదువురాని అవ్వ కూడ పాటవలె దీనిని నేర్వగలదు. నేర్పవలసినది మనుమరాలు.

తెలుగు బడిలో చదివిన పిల్లలకు మరాఠీ రాదనియు, మరాఠీ చదివినచో తెలుగు పోవుననియు రెండు వాదములు మన సభలలో వినుచుందుము. వంటయింటిలో ఆపద కలిగిననాడు ఆ రెండును నిలువవు. పొగలో నున్న అవ్వను "దీపము ఆర్పు, బయటికి రా" అని తెలుగున పిలువవలెను. వీధిలోనికి వచ్చి సహాయమును మరాఠీలో పిలువవలెను. రెండు భాషలును తెలిసిన బిడ్డ ఆ యింటికి రెండు తలుపుల వంటిది.

7. ముందు జాగ్రత్తలు

సిలిండరు వచ్చినపుడు, తెచ్చినవాని యెదుటనే ముద్ర విప్పించి, బరువు తూయించి, మూతి యొద్ద కారుట లేదని చూపించుకొనుడు. సిలిండరు పైభాగపు పట్టీలలో నొకదాని లోపలివైపు ఒక ఇంగ్లీషు అక్షరము, రెండంకెలు ఉండును. అది మరల పరీక్షింపవలసిన గడువు. ఏ అన్నచో జనవరి మొదలు మార్చి వరకు, బీ అన్నచో జూను వరకు, సీ అన్నచో సెప్టెంబరు వరకు, డీ అన్నచో డిసెంబరు వరకు. అంకెలు సంవత్సరమును తెలుపును. గడువు దాటినదానిని తీసికొనకుడు.

రబ్బరు గొట్టము ఐ.ఎస్.ఐ. ముద్ర గలదై, ఒకటిన్నర మీటరుకు మించని పొడవు గలదై యుండవలెను. ఐదేండ్ల కొకసారి, పగుళ్ళు కనిపించినచో అంతకు ముందే, మార్చవలెను. సంతలో చవుకగ దొరకు ముద్రలేని గొట్టములో మిగిలిన రూపాయలు ఆసుపత్రి గడపకు చాలవు. గొట్టమునకు గుడ్డ చుట్టకుడు, గోడలో పూడ్చకుడు. సిలిండరును నిటారుగ నేలపైన, స్టవ్వును దానికంటె ఎత్తున అరుగుపైన ఉంచవలెను. సిలిండరును మూసిన గూటిలో పెట్టరాదు.

కారుచున్నదేమోయను అనుమానము తీర్చుకొనుటకు సబ్బునురుగు చాలును. గొట్టము అతుకులకు, రెగ్యులేటరు చుట్టును పూసినచో కారుచోట బుడగలు లేచును. అగ్గిపుల్లతో పరీక్షించుట ప్రాణముతో పరీక్షించుటయే. నెలాఖరున గ్యాసు అడుగంటినపుడు సిలిండరును పండబెట్టుట, వేడినీటిలో నుంచుట మన యిండ్లలో కలవు. ద్రవము గొట్టములోనికి వచ్చి మంట భగ్గుమనుటకు ఇది దారి. పెద్ద సిలిండరునుండి చిన్నదానిలోనికి గ్యాసు ఎక్కించి యమ్ము దుకాణముల జోలికి పోకుడు. రాత్రి పండుకొనుటకు ముందు రెగ్యులేటరు కట్టుట, తలుపు గడియ వేయుటతో సమానమైన పనిగ అలవాటు చేసికొనుడు. కొన్ని నగరములలో గొట్టముల ద్వారా ఇండ్లకు వచ్చు గ్యాసు వేరు. అది గాలికంటె తేలికయై పైకి పోవును. స్విచ్చి నియమము మాత్రము దానికిని ఒక్కటే.

8. ఇంటి పరీక్ష

ఈ ఆదివారము భోజనమైన పిదప ఇంటిల్లిపాదిని కూర్చుండబెట్టి ఈ ప్రశ్నలడుగుడు.

(1) రాత్రి వాసన వచ్చినచో లైటు వేయవచ్చునా? వెలుగుచున్న లైటును ఆర్పవచ్చునా?
(2) మన సిలిండరు రక్షణ మూత ఇప్పుడెక్కడ నున్నది?
(3) మన రబ్బరు గొట్టమునకు ఎన్నేండ్లైనది?
(4) మన మెయిను స్విచ్చి లోపలనా, వెలుపలనా?
(5) 1906కు ఫోను చేసి మరాఠీలో ఏమి చెప్పవలెను?

అవ్వయు, చిన్నబిడ్డయు మొదటి ప్రశ్నకు తడుముకొనక "ముట్టరాదు" అన్నచో మీ యిల్లు ఉత్తీర్ణమైనట్లే. ఐదవ తరగతి మొదలు పై పిల్లలందరును సిలిండరుతో వచ్చిన మరాఠీ సూచనలను తెలుగులో వ్రాసి, ఇంటి పెద్దలకు చదివి వినిపించి, సెలవుల పిదప ఆ కాగితమును తరగతికి తేవలెనని చెప్పియున్నాము. తల్లిదండ్రులు పది నిమిషములు కూర్చుండి వినవలెనని ప్రార్థన.

మన పాఠశాల సంచికను పిల్లలు భద్రముగ దాచుకొనుట మాకు సంతోషము. కాని ఈ పుటలను చింపి వంటింటి గోడకు అంటించినవారిని మేము మరింత మెచ్చుకొందుము.